జిరా నుంచి బిగ్‌క్వెరీకి తెస్తున్న డేటాలో లెక్క కలవడం లేదు: తప్పు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: పట్టికలపిచ్చి

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ సంస్థలో డేటా ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మా బృందాలన్నీ జిరా క్లౌడ్‌లో, అంటే పనులను టికెట్లుగా రాసుకుని వాటి స్థితిని గమనించే సాధనంలో, 14 ప్రాజెక్టుల కింద తమ పనిని నమోదు చేసుకుంటాయి. అమ్మకాల డేటా, కస్టమర్ల ఫిర్యాదుల డేటా ఇప్పటికే బిగ్‌క్వెరీ అనే గూగుల్ డేటా వేర్‌హౌస్‌లో (విశ్లేషణ కోసం డేటాను ఒకచోట చేర్చే గిడ్డంగిలో), ముంబయి ప్రాంతంలోని డేటాసెట్‌లో ఉన్నాయి. జిరా టికెట్లను కూడా అక్కడికే చేర్చి, ఒక ఫిర్యాదు వచ్చిన నాటి నుంచి దానికి సంబంధించిన మార్పు కస్టమరు చేతికి అందే నాటికి ఎన్ని రోజులు పడుతోందో ప్రతి సోమవారం చూపించమని మా డైరెక్టరు అడిగారు.

నేను పైథాన్‌లో ఒక స్క్రిప్టు రాశాను. క్లౌడ్ షెడ్యూలర్ ప్రతి గంట మొదట్లో, అంటే సరిగ్గా సున్నా నిమిషాలకు, ఒక క్లౌడ్ రన్ జాబ్‌ను (గూగుల్ సర్వర్ల మీద ఆ స్క్రిప్టును నడిపే పనిని) మొదలుపెడుతుంది. ఆ జాబ్ క్రితంసారి పని ముగిసిన సమయాన్ని ఒక చిన్న టేబుల్ నుంచి చదివి, ఆ సమయం తర్వాత మారిన టికెట్లను జేక్యూఎల్ అనే జిరా శోధన భాషలో అడిగి, వచ్చిన పేజీలన్నిటినీ స్టేజింగ్ టేబుల్ అనే తాత్కాలిక టేబుల్‌లో చేర్చి, చివర టికెట్ కీని (పే-417 వంటి గుర్తును) ఆధారం చేసుకుని అసలు టేబుల్‌లోకి మెర్జ్ చేస్తుంది, అంటే ఉన్న వరుసలను మార్చి లేనివాటిని చేరుస్తుంది. మొత్తం పనికి ఆరేడు నిమిషాలు పడుతుంది. జిరాను అడగడానికి స్క్రిప్టు తాళంచెవిలా వాడే టోకెన్ నా సొంత ఖాతాదే. సమయాలను టైమ్‌స్టాంపుగా (తేదీ, సమయాల రకంగా) మార్చబోతే లోపం వచ్చింది కాబట్టి ప్రస్తుతానికి స్ట్రింగుగానే, అంటే మామూలు అక్షరాలుగానే, ఉంచాను.

నడపడం మొదలుపెట్టి రెండు నెలలయింది. మూడు చోట్ల లెక్క తప్పుతోంది. మొదటిది, జిరాలో ముగిసినట్టు కనిపించే టికెట్లు కొన్ని వేర్‌హౌస్‌లో ఇంకా నడుస్తున్నట్టే ఉన్నాయి. నిన్న కూర్చుని అలాంటివి 11 పట్టుకున్నాను. వాటి చివరి మార్పు సమయాలు వరుసగా ఇవి: 11:03, 16:05, 10:02, 12:41, 17:04, 11:06, 15:01, 18:05, 14:26, 12:04, 16:02. రెండవది, ముగియని టికెట్ల సంఖ్య జిరా బోర్డుల మీద కంటే వేర్‌హౌస్‌లోనే ఎప్పుడూ ఎక్కువగా ఉంటోంది. మూడవది, వారంలో ఒకటి రెండుసార్లు మెర్జ్ దగ్గరే జాబ్ ఆగిపోతోంది. లక్ష్యపు టేబుల్‌లోని ఒక్కో వరుసకు మూలపు టేబుల్ నుంచి ఒకటికి మించి వరుసలు జతపడకూడదని బిగ్‌క్వెరీ ఫిర్యాదు చేస్తోంది. స్టేజింగ్ టేబుల్‌ను చేత్తో ఖాళీ చేసి మళ్ళీ నడిపితే సాఫీగా పోతుంది.

ఇవి కాక, పని గంటల మొత్తం కూడా కొన్ని పెద్ద టికెట్ల దగ్గర తక్కువగా వస్తోంది. ఇదంతా సరిచేసుకుంటూ కూర్చోవడమా, లేక డబ్బు పెట్టి సిద్ధంగా దొరికే కనెక్టర్ (ఇలా డేటాను తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేర్) తీసుకోవడమా అన్నది మా మేనేజరు వేస్తున్న ప్రశ్న. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.


సమాధానం 1: గోదారిగట్టు

పట్టికలపిచ్చి గారూ, మీరు ఆ 11 సమయాలను రాయడం ఎంతో మేలు చేసింది, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు జవాబు వాటిలోనే ఉంది. 12:41, 14:26 అన్న రెంటినీ పక్కన పెట్టి మిగిలిన తొమ్మిదింటి నిమిషాలను మాత్రమే చూడండి: 03, 05, 02, 04, 06, 01, 05, 04, 02. అన్నీ గంట మొదటి ఆరు నిమిషాల్లోనే ఉన్నాయి, అంటే మీ జాబ్ నడుస్తున్న నిమిషాల్లోనే ఆ టికెట్లు మారాయి.

జరుగుతున్నది ఇది. పదకొండు గంటలకు మీ జాబ్ జిరాను అడిగింది. 11:03కి ఎవరో ఒక టికెట్‌ను ముగించారు. అప్పటికే ఆ టికెట్ ఉన్న పేజీ వచ్చేసిందో, లేక అది జాబితాలోకే ఎక్కలేదో, ఏదయినా మీకు అందింది పాత స్థితే. 11:07కి జాబ్ ముగిసి, "ఇంతవరకు తెచ్చాను" అంటూ 11:07ను రాసుకుంది. పన్నెండు గంటలకు 11:07 తర్వాత మారినవాటినే అడుగుతుంది కాబట్టి 11:03 నాటి మార్పు ఇక ఎప్పటికీ రాదు. ఆ టికెట్‌ను తర్వాత ఇంకెవరైనా ముట్టుకుంటే అది తనంతట తానే సరిపడిపోతుంది, అందుకే ఈ తప్పు రెండు నెలలపాటు మీ కంట పడలేదు. ముగించిన టికెట్‌ను మళ్ళీ ముట్టుకునేవారు తక్కువ కనుక తేడా అంతా ముగిసిన టికెట్లలోనే కనిపిస్తోంది.

కాబట్టి గుర్తుగా దాచుకోవలసింది జాబ్ ముగిసిన సమయాన్ని కాదు, మొదలైన సమయాన్ని. అంతటితో ఆగకుండా, ప్రతిసారీ మరో పావుగంటో అరగంటో వెనక్కి జరిగి అడగండి, ఎందుకంటే జిరా శోధన సూచికలోకి మార్పు చేరడానికి కూడా కాస్త వ్యవధి పట్టవచ్చు. ఒకే టికెట్ రెండుసార్లు వచ్చినా నష్టం లేదు, మెర్జ్ ఉన్నది అందుకే.

ఇదే చోట ఇంకో గుంత ఉంది, మీరు ఇంకా అందులో పడలేదు. జేక్యూఎల్‌లో మీరు "14:00" అని రాస్తే, జిరా దాన్ని ఆ టోకెన్ ఎవరి ఖాతాదో వారి ప్రొఫైల్‌లోని టైమ్‌జోన్ ప్రకారం అర్థం చేసుకుంటుంది. మీ ఖాతా భారత కాలమానంలో ఉంది, మీ స్క్రిప్టు కూడా భారత సమయమే రాస్తోంది, కాబట్టి ఇంతవరకు సరిపోయింది. రేపు ఆ పనికి ప్రత్యేకంగా ఒక ఖాతా తెరిచి, దాని టైమ్‌జోన్ యూటీసీగా (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంగా) ఉండిపోయిందనుకోండి, మీరు అడిగే మధ్యాహ్నం రెండు గంటలు జిరాకు మన లెక్కలో రాత్రి ఏడున్నర అవుతుంది. ఇంకా రాని సమయం తర్వాత మారిన టికెట్లేవీ ఉండవు కనుక సున్నా వరుసలు వస్తాయి, జాబ్ మాత్రం విజయవంతమైనట్టే పచ్చగా కనిపిస్తుంది. లోపం చూపించి ఆగిపోయే జాబ్ కంటే ఇలా పచ్చగా ఉండి ఏమీ తేని జాబే నాకు ఎక్కువ భయం. దీనికి తేలిక విరుగుడు ఏమిటంటే గడియారపు సమయం రాయడం మానేసి, "గడచిన 90 నిమిషాల్లో మారినవి" అన్న సాపేక్ష రూపంలో అడగడం. చివరి విజయవంతమైన జాబ్ మొదలై ఎన్ని నిమిషాలయిందో స్క్రిప్టులోనే లెక్కగట్టి, దానికి మరో 30 కలిపి ఆ సంఖ్యను పెట్టుకుంటే, ఒక పూట జాబ్ నడవకపోయినా ఏదీ జారిపోదు.

సమయాలను స్ట్రింగుగా ఉంచడం కూడా ఇక్కడే దెబ్బ తీస్తుంది. జిరా పంపే సమయం చివర +0530 అని ఉంటుంది, మధ్యలో కోలన్ ఉండదు. బిగ్‌క్వెరీలో కాస్ట్ చేస్తే (నేరుగా రకం మారిస్తే) ఒప్పుకోనిది దీన్నే. పార్స్ టైమ్‌స్టాంప్ ఫంక్షన్‌కు నమూనా ఇచ్చి చదివించండి, చక్కగా చదువుతుంది. స్ట్రింగుగానే వదిలేస్తే, ఖాతా మారిన రోజున చివర +0000 ఉన్నవి కొన్ని, +0530 ఉన్నవి కొన్ని కలిసిపోయి, ఏది ముందో ఏది వెనకో అక్షరక్రమం చెప్పలేదు.

ఇక ముగియని టికెట్ల సంఖ్య ఎక్కువగా ఉండడం. దీనికి రెండు కారణాలుంటాయి, మీ దగ్గర రెండూ ఉండే అవకాశమే ఎక్కువ. టికెట్‌ను ఒక ప్రాజెక్టు నుంచి మరో ప్రాజెక్టుకు తరలిస్తే దాని కీ మారిపోతుంది. పే-417 అన్న టికెట్ బిల్-92 అయిపోతుంది. మీరు కీ ఆధారంగా మెర్జ్ చేస్తున్నారు కాబట్టి బిల్-92 కొత్త వరుసగా చేరుతుంది, పే-417 తరలించిన నాటి స్థితిలోనే ముగియకుండా మిగిలిపోతుంది. కీ వెనుక ఒక సంఖ్యా రూపపు ఐడీ ఉంటుంది, అది తరలించినా మారదు. మెర్జ్ ఆ ఐడీ మీద జరగాలి, కీ కేవలం చూపించుకోవడానికి ఉండే కాలమ్.

రెండవ కారణం తొలగించిన టికెట్లు. మారినవి ఏవని అడిగినప్పుడు లేనివాటి గురించి జిరా ఏమీ చెప్పదు. తొలగింపు జరిగినప్పుడు కబురు పంపేలా వెబ్‌హుక్ పెట్టుకోవచ్చు కానీ, ఆ కబురు అందుకునే సర్వర్ చాలాసేపు పనిచేయకపోతే ఆ టికెట్ సంగతి తప్పిపోవచ్చు. నేను రాత్రిపూట ఒక్కసారి ప్రాజెక్టులవారీగా ఐడీలన్నీ తెప్పించి వేర్‌హౌస్‌లోని ఐడీలతో పోల్చుకుంటాను. కొత్త శోధన ఎండ్‌పాయింట్ (స్క్రిప్టు జిరాను అడిగే చిరునామా), ఫీల్డులేవీ పేర్కొనకపోతే ఐడీలు మాత్రమే ఇస్తుంది, అలా అడిగితే ఒక్కో పేజీలో వేల సంఖ్యలో వస్తాయి కాబట్టి ఇది పెద్ద పనేమీ కాదు. జిరాలో కనిపించని ఐడీ వరుసను చెరిపేయకుండా, "ఫలానా తేదీ నుంచి కనబడటం లేదు" అని ఒక కాలమ్‌లో రాసి ఉంచండి.

మెర్జ్ లోపానికి మూలం నా ఊహ ప్రకారం క్లౌడ్ రన్ జాబ్ తిరిగి ప్రయత్నించే పద్ధతి. జాబ్‌లోని టాస్క్ విఫలమైతే, మీరు మార్చకపోతే అది మూడుసార్ల వరకు మళ్ళీ నడుస్తుంది. మొదటి ప్రయత్నం నాలుగు పేజీలు స్టేజింగ్‌లో వేసి, జిరా "ఎక్కువగా అడుగుతున్నారు" అంటూ 429 అన్న లోపపు సంఖ్య పంపగానే పడిపోయిందనుకోండి, రెండవ ప్రయత్నం అవే నాలుగు పేజీలను మళ్ళీ వాటి పక్కనే వేస్తుంది. చేత్తో ఖాళీ చేస్తే పోతోందని మీరన్న మాట దీన్నే చెబుతోంది. ప్రతి ప్రయత్నం మొదట్లో స్టేజింగ్‌ను ఖాళీ చేయాలి. మెర్జ్ చేసేటప్పుడు కూడా ఐడీకి ఒక్క వరుసనే, చివరిగా మారినదాన్నే, వరుసలకు క్రమసంఖ్య ఇచ్చే రో నంబర్ ఫంక్షన్‌తో ఎంచుకోవాలి. 429 వచ్చినప్పుడు దాని వెంట వచ్చే రిట్రై ఆఫ్టర్ హెడర్‌లో ఎన్ని సెకన్లు ఆగాలో ఉంటుంది, స్క్రిప్టు ఆ మాట వింటే చాలా వైఫల్యాలు అసలు పుట్టవు.


సమాధానం 2: ఏలూరు రోడ్డు

గోదారిగట్టు గారు చెప్పిన రాత్రి పోలిక సరైన పద్ధతే. అయితే అది మా సంస్థలో చేసిన నిర్వాకం చెప్పకపోతే సలహా సగమే అవుతుంది.

మేము కూడా అలాగే, జిరాలో కనిపించని టికెట్లను తొలగించినవిగా గుర్తించేవాళ్ళం. ఒక శుక్రవారం సాయంత్రం ఒక ప్రాజెక్టు అడ్మిన్ తమ ప్రాజెక్టు అనుమతుల పథకాన్ని మార్చారు, మా టోకెన్ ఉన్న ఖాతా ఆ ప్రాజెక్టును చూసే సమూహంలోంచి బయటికి వచ్చేసింది. చూసే అనుమతి లేని టికెట్లను శోధన ఫలితాల్లోంచి జిరా నిశ్శబ్దంగా తీసేస్తుంది తప్ప లోపమంటూ ఏదీ చూపదు. ఆ రాత్రి మా స్క్రిప్టు ఆ ప్రాజెక్టులోని టికెట్లన్నిటినీ తొలగించినవిగా గుర్తించింది. సోమవారం సమావేశంలో ఆ బృందం ఏ పనీ చేయనట్టు తెర మీద ఖాళీ పట్టిక కనిపించింది. బృందం నాయకురాలు చాలా మర్యాదగా మాట్లాడారు, అదే ఎక్కువ బాధించింది.

అప్పటి నుంచి రెండు కాపలాలు పెట్టుకున్నాం. ఒక ప్రాజెక్టులో ఒకే రాత్రి మాయమైన టికెట్లు నూటికి రెండు దాటితే ఏ గుర్తూ పెట్టకుండా జాబ్ ఆగి మాకు కబురు పంపుతుంది. ఆ ఖాతాకు కనిపించే ప్రాజెక్టుల జాబితాను కూడా నిన్నటి జాబితాతో పోల్చి చూస్తాం.

పట్టికలపిచ్చి గారి జాబితాలో మిగిలిన 12:41, 14:26 టికెట్లకు కూడా ఇలాంటి కారణమే ఉండవచ్చునని నా అనుమానం. టికెట్ స్థాయిలో భద్రత పెట్టే వీలు జిరాలో ఉంది, ఒక టికెట్‌ను మధ్యలో ఎవరైనా ఆ పరిధిలోకి తెస్తే, ఆ పరిధిలో లేని ఖాతాకు ఆ తర్వాతి మార్పులేవీ అందవు. ఆ రెండు టికెట్లను మీ ఖాతాతోనే బ్రౌజర్‌లో తెరవడానికి ప్రయత్నించండి.

పని గంటల సంగతి. శోధన ఫలితాల్లో టికెట్‌తో పాటు వచ్చే వర్క్‌లాగ్ (ఎవరు ఎంతసేపు పనిచేశారన్న) నమోదులు మొదటి 20 మాత్రమే. ఇరవైకి మించి నమోదులున్న టికెట్లన్నిటిలోనూ మీకు తక్కువ మొత్తమే కనిపిస్తుంది, పెద్ద టికెట్లలోనే తేడా రావడానికి అదే కారణం. ఏ నమోదులు మారాయో, ఏవి తొలగించారో చెప్పే ఎండ్‌పాయింట్లు వర్క్‌లాగ్‌కు విడిగా ఉన్నాయి, వాటితో వేరే టేబుల్ కట్టుకోవడమే సరైన దారి. అక్కడ సమయం యునిక్స్ మిల్లీసెకన్లలో (1970 ఆరంభం నుంచి గడిచిన మిల్లీసెకన్లలో) అడుగుతారు కాబట్టి టైమ్‌జోన్ గొడవ ఉండదు.


సమాధానం 3: నైట్‌షిఫ్ట్

కొనాలా, రాసుకోవాలా అన్న ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేను నా అభిప్రాయం చెబుతాను. డాలస్‌లో పనిచేస్తున్నాను, రెండు రకాలూ వాడాను.

సిద్ధంగా దొరికే కనెక్టర్లు పేజీలు తిప్పడం, 429కి ఆగడం, జిరా తన ఏపీఐ (ప్రోగ్రాములు దానితో మాట్లాడే పద్ధతి) మార్చినప్పుడు తామూ మారడం వంటివి మీ నెత్తి మీద నుంచి దించుతాయి. జిరా తన పాత శోధన ఎండ్‌పాయింట్‌ను 2025లో తీసేసినప్పుడు సొంత స్క్రిప్టులు ఉన్నవారందరూ పరుగెత్తవలసి వచ్చింది. కొత్తదానిలో మొత్తం ఎన్ని టికెట్లో చెప్పే సంఖ్య కూడా రాదు, తర్వాతి పేజీ టోకెన్‌ను పట్టుకుని ఒకదాని వెంట ఒకటి వెళ్ళవలసిందే. కనెక్టర్ ఉన్నవారికి ఆ భారం తగ్గింది. అయితే ఫైవ్‌ట్రాన్ వంటివి ఒక నెలలో మారిన వరుసల సంఖ్యను బట్టి డబ్బు తీసుకుంటాయి, జిరాలో మార్పుల చరిత్ర పెద్దది కాబట్టి ఏ టేబుళ్ళు తెస్తున్నారో చూసుకోకుండా అన్నీ టిక్ చేస్తే బిల్లు మీద ఆశ్చర్యపోతారు. ఎయిర్‌బైట్ అనే కనెక్టర్‌ను మీ సర్వర్ మీదే నడుపుకోవచ్చు, అప్పుడు దాన్ని కాపాడుకునే పని మీదవుతుంది. పైన ఏలూరు రోడ్డు గారు చెప్పిన అనుమతుల చిక్కు మాత్రం ఏ కనెక్టర్ కొన్నా మీతోనే ఉంటుంది, ఎందుకంటే కనెక్టర్ కూడా ఒక ఖాతా కళ్ళతోనే చూస్తుంది.

14 ప్రాజెక్టులకు, ఇప్పటికే నడుస్తున్న స్క్రిప్టుకు, కొనడం అనవసరమని నా అభిప్రాయం. బిగ్‌క్వెరీ ఖర్చు గురించి కూడా భయపడవద్దు. మీ టేబుల్ 2 గిబిబైట్లు ఉందనుకున్నా, గంటకోసారి మెర్జ్ అంటే నెలకు 720 సార్లు, ప్రతిసారీ మొత్తం చదివినా 1440 గిబిబైట్లు. మొదటి ఒక టెబీబైట్ (1024 గిబిబైట్లు) నెలనెలా ఉచితం. మిగిలిన 416 గిబిబైట్లకు, అమెరికా ప్రాంతాల ధర అయిన టెబీబైట్‌కు 6.25 డాలర్ల లెక్కన, రెండున్నర డాలర్లు. ముంబయి ధర వేరు కాబట్టి మీ బిల్లులో ఒకసారి చూసుకోండి, కానీ దీనికోసం మేనేజరుతో సమావేశం అక్కర్లేదు.

మీ డైరెక్టరు గారు అడిగిన రోజుల లెక్క దగ్గర జాగ్రత్త అవసరం. ఆ లెక్కకు టికెట్ ప్రస్తుత స్థితి చాలదు, మార్పుల చరిత్ర కావాలి. ఆ చరిత్రలో ప్రతి నమోదులోనూ ఏ స్థితి నుంచి ఏ స్థితికి అన్నది ఉంటుంది గానీ, టికెట్ పుట్టినప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్పే నమోదు ఉండదు. మొదటి మార్పులోని "నుంచి" భాగాన్ని తీసుకుని, టికెట్ సృష్టించిన సమయంతో ఒక కల్పిత వరుస మీరే చేర్చుకోవాలి. ఒక్కసారి కూడా స్థితి మారని టికెట్లకు ప్రస్తుత స్థితే పుట్టుక స్థితి. ఇది మరిచిపోతే ప్రతి టికెట్‌కూ వరుసలో వేచి ఉన్న మొదటి భాగం, సాధారణంగా అదే పొడవైనది, లెక్కలోంచి ఎగిరిపోయి బృందాలన్నీ మెరుపువేగంతో పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి. స్థితుల పేర్లతో కాకుండా ఐడీలతో లెక్క కట్టండి, పేర్లను ఎవరో ఒకరు మారుస్తూనే ఉంటారు.

స్టోరీ పాయింట్లు (పని ఎంత పెద్దదో చెప్పే అంచనా అంకెలు) కూడా వాడబోతుంటే ఒక మాట. కంపెనీ నిర్వహించే ప్రాజెక్టుల్లో ఆ అంచనా ఒక ఫీల్డులో, బృందమే నిర్వహించుకునే ప్రాజెక్టుల్లో దాదాపు అదే పేరున్న వేరొక ఫీల్డులో ఉంటుంది. ఏపీఐలో రెండూ కస్టమ్‌ఫీల్డ్ అన్న మాట, దాని వెనుక ఒక సంఖ్యగానే కనిపిస్తాయి. ఒకదాన్నే తెస్తే కొన్ని బృందాల కష్టం సున్నా అవుతుంది.


పట్టికలపిచ్చి

ముగ్గురికీ కృతజ్ఞతలు. శనివారమంతా దీని మీదే కూర్చున్నాను, ఏమయిందో రాస్తున్నాను.

తొమ్మిది టికెట్ల విషయంలో గోదారిగట్టు గారు చెప్పిందే నిజం. మొదలైన సమయాన్ని దాచి, సాపేక్ష నిమిషాలతో, 30 నిమిషాలు అదనంగా అడుగుతున్నాను. గడచిన 60 రోజుల్లో మారినవాటిని ఒకసారి మొత్తంగా తెప్పించి మెర్జ్ చేయగానే ఆ తొమ్మిదీ సరిపడ్డాయి. 12:41, 14:26 టికెట్లు సరిపడలేదు. వాటిని బ్రౌజర్‌లో తెరిస్తే నాకే కనిపించలేదు, ఏలూరు రోడ్డు గారి అనుమానం అక్షరాలా నిజమైంది. రెండూ భద్రతా లోపాలకు సంబంధించినవట, అడ్మిన్ వాటిని పరిమిత పరిధిలో పెట్టారు. జిరాలో ఇవి ముగిసినట్టు నాకెలా తెలిసిందంటే, పట్టుకున్న 11లో ఈ రెంటినీ నేను బృందం పంపిన ఎక్సెల్ షీటుతో పోల్చాను తప్ప జిరాలో చూడలేదు. అది నా పొరపాటు.

ఐడీ మీదికి మారడానికి కొంత శ్రమ పట్టింది. పాత టేబుల్‌లో ఐడీ కాలమే లేదు కాబట్టి కొత్త టేబుల్ కట్టి అంతా మొదటి నుంచి నింపాను. తరలించిన టికెట్ల పాత వరుసలు 38 బయటపడ్డాయి. అవి పోయాక కూడా మిగిలిన తేడా అంతా తొలగించినవాటిది. ఆ తొలగించినవాటిలో ఎక్కువ భాగం ఒకే బృందం పరీక్ష కోసం సృష్టించి చెరిపేసినవి. నూటికి రెండు దాటితే ఆగాలన్న కాపలా కూడా పెట్టాను, మొదటి రాత్రే అది ఆ బృందం వల్లనే ఆగింది, అంటే పనిచేస్తున్నట్టే.

ప్రత్యేక ఖాతా కోసం ఐటీ విభాగానికి రాశాను. దాని టైమ్‌జోన్‌ను భారత కాలమానానికి మార్చమని, పరిమిత పరిధిలోని టికెట్లను అది చూడాలా వద్దా అన్నది భద్రతా బృందం నిర్ణయించాలని అదే ఉత్తరంలో పెట్టాను. చూడకూడదంటే, ఆ టికెట్లు లెక్కలో లేవన్న ఒక వాక్యం సోమవారపు పట్టిక అడుగున ఉంటుంది. వర్క్‌లాగ్ టేబుల్, మార్పుల చరిత్ర వచ్చే వారం మొదలుపెడతాను.


సమాధానం 4: గోదారిగట్టు

ఆ ఖాతాకు టోకెన్ తీసుకునేటప్పుడు దాని గడువు తేదీని కూడా రాసిపెట్టుకోండి. 2024 డిసెంబరు నుంచి కొత్తగా తీసే ఏపీఐ టోకెన్లకు గడువు ఏడాదికి మించదు. మా దగ్గర అది ముగిసింది సంక్రాంతి సెలవుల్లో. కొత్త టోకెన్ తీయగలిగిన ఒకే ఒక్క మనిషి ఊళ్ళో లేడు, సాపేక్ష నిమిషాల పద్ధతి ఉండబట్టి అతను తిరిగొచ్చాక ఆరు రోజుల మార్పులూ ఒక్కసారిగా వచ్చి చేరాయి. గడువుకు నెల ముందు ఇద్దరికి గుర్తుచేసేలా క్యాలెండర్‌లో పెట్టండి, ఒక్కరికే కాదు.